ధ్వనికి తావు కల్పించిన ఆలన్ బ్లమ్లైన్

రాత్రివేళ మంచముపై పరుండి కన్నులు మూసికొనియున్నను, వీధిలో పోవు ఊరేగింపు ఎచ్చటికి వచ్చినదో మనకు తెలియును. డోలు ముందున్నదో, సన్నాయి వెనుక నున్నదో, జనులు వీధి మలుపు తిరిగిరో లేదో చూడకయే చెప్పగలము. మనకు చెవులు రెండుండుటయే దీనికి కారణము. కుడిప్రక్కనుండి వచ్చు ధ్వని కుడిచెవిని ముందుగా చేరును. ఎడమచెవిని చేరుటకు అది తలను చుట్టి మరికొంత దూరము పోవలెను. రెండు చెవుల నడుమగల యెడము ఇంచుమించు 18 సెంటీమీటర్లు మాత్రమే. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణము చేయును. కావున ఒక చెవికిని రెండవ చెవికిని వచ్చు కాలభేదము సెకనులో వేయవవంతు కంటెను తక్కువ. ఇంత స్వల్పమగు భేదమును పట్టుకొని మెదడు ధ్వని వచ్చు దిక్కును నిర్ణయించుచున్నది.

గ్రామఫోను, రేడియో, మాటలాడు సినిమా పుట్టిన తరువాత కూడ చాలకాలము వరకు మానవుని యీ శక్తికి వానియెదుట పని లేకపోయెను. నూరుమంది కూర్చుండి వాయించిన వాద్యగోష్ఠియైనను ఒక్క లౌడుస్పీకరు నోటినుండియే వెలువడుచుండెను. ఒక గదిలో రెండు స్పీకర్లను ఎడముగా నిలిపి, వాని నడుమనున్న ఖాళీస్థలములో గాయకుడు నిలిచి పాడుచున్నట్లు వినిపింపజేయు ఉపాయమును సమగ్రముగా కనిపెట్టినవాడు ఆలన్ డవర్ బ్లమ్లైన్. నేడు దీనిని స్టీరియో అందురు. తన ఉపాయము జనుల యిండ్లలో ప్రవేశించుటను చూచు భాగ్యము మాత్రము అతనికి లేకపోయెను.

బ్లమ్లైన్ 1903వ సంవత్సరము జూన్ 29వ తేదీన లండను నగరమందలి హాంప్‌స్టెడ్ అను ప్రాంతమున జన్మించెను. తండ్రి సెమ్మీ బ్లమ్లైన్ జర్మనీ దేశమున పుట్టి బ్రిటిషు పౌరుడైనవాడు. తల్లి పేరు జెస్సీ. ఆమె తండ్రి స్కాట్లండునుండి దక్షిణాఫ్రికాకు పోయి, అచ్చట క్రైస్తవ మతబోధకుడుగా నుండెను. ఆలన్ ఏడేండ్ల బాలుడుగా నున్నప్పుడు, చెడిపోయిన తమ యింటి తలుపు గంటను బాగుచేసి, అందులకు తనకు రావలసిన కూలిని చూపుచు తండ్రికి ఒక బిల్లు వ్రాసి యిచ్చెనట. దాని క్రింద తాను ఎలక్ట్రికల్ ఇంజనీరునని చేర్చి సంతకము చేసెను. ఇంతటి బాలునకు పన్నెండేండ్లు వచ్చువరకు ధారాళముగా చదువుట రాలేదని అతని సోదరి చెప్పెను. బిల్లు వ్రాయనేర్చినవానికి పుస్తకము చదువ రాకపోవుట వింతయే. కాని అతని మనస్సు అక్షరములకంటె ముందు తీగలవైపు పోయినది.

1914లో తండ్రి మరణించెను. ఆలన్ హైగేట్ పాఠశాలలో చదివి, విద్యార్థివేతనము సంపాదించి, లండనునందలి సిటీ అండ్ గిల్డ్స్ ఇంజనీరింగు కళాశాలలో నేరుగా రెండవ సంవత్సరపు తరగతిలో చేరెను. 1923లో, ఇరువదియేండ్ల ప్రాయమున, ప్రథమశ్రేణిలో పట్టము పొందెను.

మరుసటి యేట అతడు టెలిఫోను పరికరములు చేయు ఒక సంస్థలో ఉద్యోగమునకు చేరెను. ఆ కాలమున దూరపు టెలిఫోను తీగలలో ఒక పెద్ద దోషముండెడిది. ఒక తీగపై ఇద్దరు మాటలాడుచుండగా, ప్రక్కతీగపై మాటలాడువారి సంభాషణ సన్నగా అందులోనికి చొరబడుచుండెను. ప్రక్కప్రక్కన పోవు రెండు మార్గములు ఒకదానితో నొకటి కలియకుండ కాపాడు విద్యను బ్లమ్లైన్ ఇచ్చట క్షుణ్ణముగా నేర్చెను. రెండు ధ్వనులను ఒకే గాడిలో నడిపింపవలసి వచ్చినప్పుడు అతనికి ఆ విద్య అక్కరకు వచ్చెనని చెప్పవచ్చును.

1929లో అతడు కొలంబియా గ్రాఫోఫోను కంపెనీకి మారెను. రష్యా సామ్రాజ్యమునుండి వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన ఐజాక్ షోన్‌బర్గ్ అచ్చట అతనికి పైయధికారి. ఆ దినములలో విద్యుచ్ఛక్తితో రికార్డులను చెక్కు సాధనము అమెరికావారి సొత్తు. దానిని వాడినందులకు కంపెనీ వారికి రుసుము చెల్లింపవలసి యుండెను. ఆ పేటెంటును ఉల్లంఘింపక అంతకంటె మేలైన చెక్కుడు యంత్రమును చేయవలెనని షోన్‌బర్గ్ ఆజ్ఞ. బ్లమ్లైన్ తన సహచరులతో కలిసి అయస్కాంతక్షేత్రమున కదలు తీగచుట్టతో పనిచేయు క్రొత్త యంత్రమును నిర్మించెను. రుసుము బాధ తొలగెను. 1931లో కొలంబియా కంపెనీయు, కుక్కబొమ్మ గల హిజ్ మాస్టర్స్ వాయిస్ రికార్డులను చేయు గ్రామఫోను కంపెనీయు ఏకమై ఇ.ఎం.ఐ. అను సంస్థగా నేర్పడెను. ఆ కుక్కబొమ్మ తెలుగువారి యిండ్లలో కూడ పరిచయమైనదే. క్రొత్త సంస్థ పరిశోధనాలయము లండనునకు పడమరనున్న హేస్ అను ఊరిలో నుండెను.

ఆ 1931వ సంవత్సరముననే బ్లమ్లైన్ ఒకనాడు, తరువాత తన భార్యయైన డోరీన్ లేన్ అను యువతితో కలిసి సినిమాకు పోయెను. తెరపై నటుడు ఒక కొననుండి మరియొక కొనకు నడచుచుండగా అతని కంఠము మాత్రము కదలక ఒకేచోటినుండి వచ్చుచుండెను. తక్కిన ప్రేక్షకు లెవ్వరికిని అది లోపముగా తోచలేదు. బ్లమ్లైన్‌కు మాత్రము దుస్సహమయ్యెను. మాట మనిషి వెంట పోవలెననియు, దానికి మార్గము తనకు తెలియుననియు అతడు ఆమెతో చెప్పెను. గ్రుడ్డివాడు ఆ సినిమాలో కూర్చున్నచో నటుడు ఎచ్చట నున్నాడో తెలిసికొనజాలడని అతని వాదము. ఆ యేటి డిసెంబరు 14వ తేదీననే అతడు పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. 1933 జూన్‌లో మంజూరైన ఆ పేటెంటు సంఖ్య 394325. అందు 70 హక్కులు కోరబడినవి. మైక్రోఫోను మొదలు రికార్డుగాడి, సినిమాఫిలిము, లౌడుస్పీకరు వరకు ధ్వని నడచు దారియంతయు ఆ యొక్క పత్రములో వర్ణింపబడెను.

రెండు చెవులకు రెండు ధ్వనుల నందించు తలంపు అంతకుముందు ఎవ్వరికిని కలుగలేదని కాదు. 1881లోనే పారిస్ నగరమున క్లెమెంట్ అదెర్ అను ఫ్రెంచి ఇంజనీరు నాటకశాల వేదికపై ప్రేషకములను పెట్టి, రెండు టెలిఫోనులను రెండు చెవుల నుంచుకొన్నవారికి సంగీతమును వినిపించెను. అమెరికాలో బెల్ ప్రయోగశాలల వారును బ్లమ్లైన్ కాలముననే వేరుమార్గమున ఈ ప్రయత్నము చేయుచుండిరి. కాని టెలిఫోనును చెవికి అదిమి వినుటకును, గదిలో దూరముగా నున్న రెండు స్పీకర్ల నెదుట కూర్చుండి వినుటకును గొప్ప భేదము కలదు. ఆ భేదమును పట్టుకొనుటలోనే బ్లమ్లైన్ ప్రతిభ కనబడుచున్నది.

చెవికి అదిమిన టెలిఫోనులో ఎడమచెవికి ఎడమధ్వనియే, కుడిచెవికి కుడిధ్వనియే వినబడును. స్పీకర్ల విషయము అట్లు కాదు. ఎడమ స్పీకరు ధ్వని ఎడమచెవికే గాక, తల దాటి కుడిచెవికి కూడ చేరును. కుడి స్పీకరు ధ్వని కూడ అంతే. ప్రతి చెవియు రెండు స్పీకర్లను వినును. కావున రెండు మైక్రోఫోనులను రెండు చెవులవలె ఎడముగా పెట్టి, అవి పట్టిన ధ్వనులను ఉన్నవున్నట్లు రెండు స్పీకర్లకు పంపినచో, దిక్కును తెలుపు సూక్ష్మమైన కాలభేదము గదిలో చెదరిపోవును.

బ్లమ్లైన్ దీనిని లెక్కకట్టి, ఆశ్చర్యకరమైన సత్యమును కనుగొనెను. రెండు స్పీకర్లనుండి ఒకే ధ్వనిని ఒకే క్షణమున పంపి, ఒకదాని బలమును మాత్రము ఎక్కువ చేసినచో, మంద్రస్వరములలో ఆ బలభేదము వినువాని చెవులయొద్ద కాలభేదముగా మారిపోవును! బలములు సమానమైనచో ధ్వని సరిగా నడుమ నున్నట్లు తోచును. ఎడమది కొంత బలమైనచో అది కొంత ఎడమకు జరుగును. ఇంకను బలమైనచో ఎడమ స్పీకరును చేరును. సెకనుకు సుమారు 700 కంపనములకంటె పైనున్న తారస్వరములకు తల అడ్డుపడి నీడవలె పనిచేయును గనుక, అచ్చట బలభేదము బలభేదముగానే చెవులకు దిక్కును తెలుపును. ఇట్లు కాలభేదమును బలభేదముగా మార్చి స్పీకర్లకు పంపు విద్యుత్ సాధనమును అతడు కల్పించెను. అంతకంటె సులభమైన మరియొక మార్గమును కూడ చూపెను. ముందునుండియు వెనుకనుండియు ధ్వనిని గ్రహించి ప్రక్కధ్వనులను విడిచిపెట్టు మైక్రోఫోనులను రెండింటిని ఒకేచోట ఉంచి, ఒకటి ఎడమకును మరియొకటి కుడికిని త్రిప్పి, వాని నడుమ లంబకోణ ముండునట్లు అమర్చుటయే ఆ మార్గము. రెండును ఒకేచోట నుండుటచేత కాలభేద ముండదు, బలభేదమే యుండును. రికార్డింగు చేయువారు ఆ అమరికను నేటికిని బ్లమ్లైన్ జోడి అనియే పిలుచుచున్నారు.

ఇక రికార్డు మాట. రెండు ధ్వనులకు రెండు గాళ్లు చెక్కినచో ముండ్లు రెండు కావలెను. అవి జతగా నడచుట కష్టము. పొలమునకు నీరు పారు కాలువకు రెండు గట్లున్నట్లు రికార్డుగాడికి కూడ రెండు గోడలు కలవు. ఈ గోడలు ఒకదాని కొకటి లంబముగా నుండును. ఎడమధ్వనిని ఒక గోడపై, కుడిధ్వనిని రెండవ గోడపై చెక్కినచో ఒక దాని కదలిక రెండవదానిని బాధింపదు. ముల్లు మాత్రము ఒక్కటియే. ఇంత చిన్న గాడిలో ఇంతటి యేర్పాటు ఉన్నదని రికార్డును చేతపట్టినవానికి తోచదు.

1933 డిసెంబరులో హేస్ పరిశోధనాలయమున బ్లమ్లైన్ బృందము తొలి రికార్డులను చెక్కెను. వానిలో సంగీతము లేదు. ఇంజనీర్లు వేదికపై అటునిటు నడచుచు మాటలాడుటయే అందున్నది. వినువాడు కన్నులు మూసికొని ఎవరు ఎచ్చట నిలిచిరో వ్రేలితో చూపగలిగిన చాలునని వారి పరీక్ష. 1934 జనవరిలో లండనునందలి ఆబీరోడ్ స్టూడియోలో సర్ థామస్ బీచమ్ నాయకత్వమున లండను ఫిల్హార్మోనిక్ వాద్యబృందము మోజర్టు రచించిన జూపిటర్ సింఫనీని అభ్యాసము చేయుచుండగా ఈ పద్ధతిలో రికార్డు చేసిరి. 1935లో కదలు చిత్రములకు కూడ రెండుమార్గముల ధ్వనిని కూర్చిరి. వానిలో నొకటి హేస్ రైల్వేస్టేషనున వచ్చి పోవు రైళ్లను గూర్చినది.

పద్ధతి పనిచేసెను. ఐనను సంస్థ దానిని ప్రక్కన బెట్టెను. అది లోకమంతట ఆర్థికమాంద్యము వ్యాపించిన కాలము. ఒక స్పీకరు గల యంత్రమునే కొనుట కష్టమైన జనులు రెండింటిని కొందురా? నాటి లక్కరికార్డులపై ముల్లు చేయు గరగరధ్వని కూడ చిన్నది కాదు. అంతలో టెలివిజన్ అను క్రొత్త విద్య ముంగిట నిలిచెను. వర్తకుని దృష్టితో చూచినచో సంస్థవారి నిర్ణయమును తప్పుపట్టుట కష్టమే. బ్లమ్లైన్ కూడ ఎదురాడినట్లు కనబడదు. అతడు చేయవలసిన పని వచ్చినచో దానిలో మునిగిపోవు స్వభావము గలవాడు. 1933లో అతనికిని డోరీనునకును వివాహమయ్యెను. వారికి ఇద్దరు కుమారులు కలిగిరి. విమానము నడుపుట అతనికి మిక్కిలి ప్రీతి. అందులకు లైసెన్సును కూడ సంపాదించెను.

షోన్‌బర్గ్ బృందము తయారుచేసిన 405 గీతల టెలివిజన్‌తో బి.బి.సి. 1936 నవంబరు 2వ తేదీన అలెగ్జాండ్రా పేలస్ నుండి ప్రసారమును ప్రారంభించెను. ఆ విద్యుత్ నిర్మాణములో బ్లమ్లైన్ చేయి పడని భాగము స్వల్పము. ఆ యేడే అతడు పేటెంటు పొందగోరిన ఒక జంటవాల్వుల సర్క్యూటు, వాల్వులకు బదులు ట్రాన్సిస్టర్లు వచ్చిన పిమ్మట కూడ, విస్తారకయంత్రములలో నిలిచియున్నది. తన పరిశోధనాజీవితములో అతడు పొందిన పేటెంట్లు మొత్తము 128.

1939లో యుద్ధము వచ్చెను. రాత్రివేళ మేఘములపై ఎగురు విమానమునకు క్రిందనున్న ఊరును, నదిని, తీరమును చూపగల రాడారు బ్రిటిషు వాయుసేనకు అత్యవసరమయ్యెను. హెచ్. టు ఎస్. అని పేరిడిన ఆ యంత్రమును నిర్మించువారిలో బ్లమ్లైన్ ముఖ్యుడు. 1942 జూన్ 7వ తేదీన దానిని పరీక్షించుటకై డెఫర్డ్ విమానాశ్రయమునుండి హాలిఫాక్స్ బాంబరు విమానమొకటి బయలుదేరెను. అందు బ్లమ్లైన్, అతని సహచరులు సెసిల్ బ్రౌన్, ఫ్రాంక్ బ్లైథెన్, ఇతర శాస్త్రజ్ఞులు, వాయుసైనికులు కలిసి పదునొకండుగు రుండిరి. తిరిగి వచ్చునప్పుడు కుడిప్రక్క చివరి ఇంజనుకు నిప్పంటుకొనెను. విమానము వై నదికి చేరువనున్న వెల్ష్ బిక్నర్ గ్రామమువద్ద పొలములో కూలెను. ఒక్కడును బ్రతుకలేదు. ఇంజనులోని ఒక చిన్న మరను తనిఖీ సమయమున సరిగా బిగింపకపోవుటచేత వాల్వు విరిగి నిప్పు పుట్టెనని విచారణలో తేలెను. బ్లమ్లైన్‌కు ముప్పదితొమ్మిదవ యేడు నిండుటకు ఇంకను మూడు వారములుండెను.

శత్రువునకు తెలియరాదని ఆ మరణవార్తను చాలకాలము ప్రకటింపలేదు. అందుచేత సాటి ఇంజనీర్లలో పెక్కుమందికి కూడ అతడేమయ్యెనో తెలియలేదు. అతడు ప్రాణము లొడ్డిన రాడారు మాత్రము 1943 జనవరి 30వ తేదీ రాత్రి మొదటిసారి యుద్ధమున వాడబడెను.

స్టీరియో సంగతి మరల తలయెత్తుటకు మరికొన్ని యేండ్లు పట్టెను. 1948లో నిమిషమునకు ముప్పదిమూడు చుట్లు చిల్లర తిరుగు, గరగర తక్కువగల ప్లాస్టిక్ రికార్డులు వచ్చెను. 1955లో ఇ.ఎం.ఐ. వారు స్టీరియో టేపులను విక్రయింప నారంభించిరి. అమెరికాలోని ఇంజనీర్లు గాడి యొక్క రెండు గోడలపై రెండు ధ్వనులను చెక్కు పద్ధతిని తమంతట తాము మరల రూపొందించిరి. 1958లో స్టీరియో రికార్డులు అంగళ్లలో విరివిగా అమ్మబడెను. అప్పటికి బ్లమ్లైన్ పేటెంటు కాలము తీరిపోయెను. దానిమూలమున అతని కుటుంబమునకు గాని, సంస్థకు గాని ఒక్క పైసయు రాలేదు.

అప్పటినుండి ఇంటికి రెండు స్పీకర్లను కొని తెచ్చువారు, తెలిసియో తెలియకయో, బ్లమ్లైన్ వేసిన లెక్కను తమ గదిలో నిలుపుటకు ప్రయత్నించుచున్నవారే. ఆ లెక్కలో స్పీకర్లు రెండును ఒక్కతీరుగా పలుకును. వినువాడు రెండింటికిని సమదూరమున నుండును. గోడలను గూర్చిన ప్రసక్తి లేదు. నిజమైన గదిలో ఈ మూడును చెడిపోవచ్చును.

కొనువారు సాధారణముగా స్పీకరు పెద్దదా, మ్రోత గట్టిగా వచ్చునా, మంద్రము గుండెకు తగులునా అని చూతురు. దుకాణములో గోడనిండ పెట్టెలను పేర్చి, ఒకదాని తరువాత ఒకటిగా మ్రోగించి చూపుట వాడుక. దానివలన ఒక పెట్టె గొంతు ఎట్టిదో తెలియును గాని, రెండు పెట్టెలు కలిసి ఎట్టి ధ్వనిచిత్రమును నిలుపునో ఇసుమంతయు తెలియదు. దానికి పరీక్ష వేరు. ఒకే మనిషి గొంతును రెండు స్పీకర్లకును సమముగా పంపి వాని యెదుట నడుమ కూర్చుండవలెను. స్పీకర్లు నిజముగా జోడియైనచో, ఆ గొంతు నడుమ ఖాళీలో, మనిషి నోరంత ఇరుకైన చోట, కదలక నిలుచును. అది గోడంత వెడల్పుగా పరచుకొన్నచో, లేక మంద్రస్వర మొకచోట, తారస్వర మొకచోట పలికి ఊగులాడినచో, ఆ రెండు పెట్టెలు ఒక్కతీరువి కావు. ఎంత వెలగలదైనను ఒక స్పీకరునకు వేరుజాతి స్పీకరును జతచేయుట ఎద్దునకు గుఱ్ఱమును జతకట్టి బండి తోలుటవంటిది.

గొంతు నడుమ నిలువక ఎచ్చటనుండి వచ్చుచున్నదో తెలియకుండ తల చుట్టు వ్యాపించినట్లు తోచి, మంద్రము కూడ పలుచబడినచో, స్పీకర్లను నిందించుటకు ముందు తీగలను చూడవలెను. ఒక స్పీకరునకు ధన, ఋణ తీగలు తారుమారైనచో ఒకటి గాలిని ముందుకు నెట్టుచుండగా రెండవది వెనుకకు లాగుచుండును. అప్పుడు ధ్వనిచిత్రము నిలువదు. ఎన్నో యిండ్లలో మంచి స్పీకర్లకు చెడ్డపేరు తెచ్చినది ఈ చిన్న పొరపాటే.

చోటు విషయములో రెండు స్పీకర్లును వినువాడును సమబాహు త్రిభుజపు మూడు మూలలవలె నుండుట మేలు. ఒక స్పీకరునకు ఒక్క అడుగు దగ్గరగా జరిగి కూర్చున్నను, దాని ధ్వని సెకనులో వేయింట ఒకవంతునకు కొంచెము తక్కువ కాలము ముందుగా చెవికి చేరును. అంతమాత్రముననే ధ్వనిచిత్రమంతయు ఆ స్పీకరువైపు ఒరిగిపోవును. తారస్వరములను పలుకు ట్వీటరు అను చిన్న స్పీకరు కూర్చున్నవాని చెవి యెత్తున నుండవలెను. ఒక స్పీకరును బీరువాపైనను, మరియొకదానిని నేలపైనను పెట్టిన గృహస్థుడు స్టీరియో కొన్నాడు గాని స్టీరియో వినలేదు.

గోడలు మరియొక చిక్కు. ప్రక్కగోడకు తగిలి వచ్చిన ధ్వని అసలుధ్వని వెనువెంటనే చెవిని చేరి, దిక్కును తెలుపు సూక్ష్మభేదములను మసకపరచును. స్పీకర్లను ప్రక్కగోడలకు ఎడముగా పెట్టుట, వీలుకానిచోట ఆ గోడకు మందపు తెరనో పుస్తకముల బీరువానో ఏర్పరచుట, రెండు ప్రక్కలను వీలైనంతవరకు సమానముగా నుంచుట ఇందులకు ఉపాయములు. స్పీకరు ముఖము నెదుట మాత్రమే గాక ప్రక్కలకు కూడ అదే గొంతుతో పలుకునట్టిది మంచిది. అప్పుడు గోడనుండి తిరిగి వచ్చు ధ్వని అసలుధ్వనితో పొసగును. పెట్టె యంచులనుండి కూడ ధ్వని చెదరును గనుక సన్నని ముఖమో, గుండ్రని యంచులో గల పెట్టెలు ఈ విషయమున తరచుగా మేలుగా పనిచేయును. 1970లలో బి.బి.సి. ఇంజనీర్లు తమ ప్రసారబండ్లలో వాడుకొనుటకు ఎల్.ఎస్. 3/5ఎ అను స్పీకరును రూపొందించిరి. ఎత్తు దాదాపు 30 సెంటీమీటర్లు, వెడల్పు 19 సెంటీమీటర్లు మాత్రమే. దానికి గంభీరమైన మంద్రము లేదు, పెద్దమ్రోత పలుకజాలదు. ఐనను సరియైన జోడిగా నిలిపినచో గాయకుని, వాద్యములను వారివారి చోట్ల నిలుపుటలో అది లోకప్రసిద్ధి పొందెను. పెద్దపెట్టె కొనలేనివారికి ఇది ఊరటగలిగించు సంగతి.

లండనులో ఈలింగు ప్రాంతమున బ్లమ్లైన్ నివసించిన యింటికి 1977లో నీలిఫలకమును అమర్చిరి. 2015లో ఆబీరోడ్ స్టూడియోలో అతని స్టీరియో పనికి స్మారకఫలకము వెలసెను. 2017లో, మరణించిన డెబ్బదియైదేండ్లకు, అమెరికా సంగీతలోకపు గ్రామీ పురస్కారములలో సాంకేతిక విభాగపు గౌరవము అతనికి లభించెను.

అతడు చెక్కించిన రికార్డులును, 1935 నాటి ఫిలిములును నశింపలేదు. హేస్ స్టేషను చిత్రమును సరియైన రెండు స్పీకర్ల నడుమ కూర్చుండి నేడు విన్నను, పొగబండి ఒక కొనన పుట్టి, గది నడుమ స్పీకరు లేనిచోటినుండి ఉరుముచు పోయి, రెండవ కొనన దూరమై అణగిపోవును.